నాలుగు వంతులు - ఒక మోచేయి

ఎండాకాలంలో ఊటబావి దగ్గర నీరు తోడినవారికి ఒక సంగతి తెలుసు. నాలుగు కడవలు తోడేసరికి బావి అడుగు కనిపిస్తుంది. ఆ మీద ఎంత బలవంతుడు తాడు లాగినా ప్రయోజనం లేదు. గట్టున కూర్చుని, ఊట ఊరేవరకు వేచి ఉండవలసిందే. అమెరికావారి బేస్‌బాల్ ఆటలో ఒక జట్టు రాబోయే సీజనులో ఏమి సాధించగలదో ముందుగా అంచనా కట్టదలచినవారు మొట్టమొదట చూచేది ఇటువంటి లెక్కనే. ఆ జట్టులో బంతి విసరే చేతులు ఎన్ని, ఒక్కొక్క చేతికి తిరిగి ఊట ఊరడానికి ఎన్ని దినాలు కావాలి అన్నదే ఆ లెక్క.

మన బడిపిల్లలలో క్రికెట్ ఎరుగనివారు అరుదు కనుక దానితో పోల్చి చెప్పడం సులువు. క్రికెట్ బౌలరు ఆరు బంతులు వేసి పక్కకు తప్పుకుంటాడు, రెండవ కొననుండి మరొకడు అందుకుంటాడు. మధ్యాహ్నం అలసినవాడు సాయంకాలం మళ్ళీ రావచ్చు. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. ఆట ఆరంభించే పిచ్చర్ ఒక చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరాన ఉన్న ఆటగానికి తానొక్కడే వరుసగా బంతులు విసురుతూ పోవాలి. ఒకసారి దిగిపోయినవాడు ఆనాటి ఆటలో తిరిగి దిబ్బ ఎక్కి బంతి విసరడు. నేను చెప్పబోయే కాలంలో మంచి పిచ్చర్ అనిపించుకోవాలంటే తొమ్మిది ఇన్నింగ్స్ చివరంటా నిలబడాలి. అంటే వందకు పైబడిన బంతులు. అవి నేలను తాకి లేచేవి కావు, నేరుగా గాలిలో వచ్చి అర సెకను తిరగక ముందే బ్యాటును దాటిపోయేవి.

మరొక భేదం ఇంకా ముఖ్యమైనది. క్రికెట్‌లో బౌలరు మోచేతిని వంచి విసరితే అంపైరు నోబాల్ అంటాడు. బేస్‌బాల్‌లోనో, ఆ వంచి విసరడమే విద్య. వంగిన మోచేయి కొరడాలా ఒక్కసారి విచ్చుకున్నప్పుడు పుట్టే వేగమే పిచ్చర్ ధనం. క్రికెట్ నిషేధించిన ఆ కదలిక ఎముకల సంధిని ఎంత బాధిస్తుందో తెలియాలంటే ఈ ఆట చరిత్ర చూడాలి.

ఆ బాధ తీరడానికి విశ్రాంతి కావాలి. అందుకే జట్టుకు ఒక్క పిచ్చర్ చాలడు. చెరువు కింద రైతులు నీటికి వంతులు వేసుకున్నట్లు పిచ్చర్లకూ వంతులుంటాయి. 1960 ప్రాంతంలో వాడుకగా ఉన్నది నలుగురి వంతు. ఒకడు ఒకనాడు విసరుతాడు, మూడు దినాలు ఊరుకుంటాడు, తిరిగి నాలుగవనాడు దిబ్బ ఎక్కుతాడు. సీజనులో 162 ఆటలు. దానిని నాలుగుతో భాగించండి, ఒక్కొక్కనికి నలభై పైచిలుకు ఆటలు వస్తాయి. ఇప్పటి జట్లవలె ఐదుగురు ఉంటే ఆ సంఖ్య ముప్పది రెండుకు దిగుతుంది. కాగితం మీద ఇది మూడవ తరగతి భాగహారమే. కాని ఆ ఎనిమిది ఆటల తేడాలో ఒక మనిషి చేయి ఉండడమో పోవడమో తేలవచ్చు.

ఇందుకు నాకు తోచిన అన్నిటికంటె గొప్ప నిదర్శనం 1965, 1966 సంవత్సరాల లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు కథ.

1964లో ఆ జట్టు 80 ఆటలు గెలిచి, 82 ఓడి, ఆరవ స్థానంలో మరొక జట్టుతో సమానంగా నిలిచింది. అంతకు ముందటి సంవత్సరమే ఛాంపియన్లయిన వారికి అది పరాభవం. సీజను ముగియగానే జట్టు జనరల్ మేనేజరు బజ్జీ బవేజి చేసిన పని చాలామందిని ఆశ్చర్యపరచింది. కొట్టేవారు కరవై ఉన్న జట్టునుండి అందరికంటె బలంగా కొట్టే ఫ్రాంక్ హోవర్డ్ అనే భారీ మనిషిని వాషింగ్టన్ జట్టుకు ఇచ్చివేశాడు. హోవర్డ్‌తోబాటు ఇంకా కొందరిని ఇచ్చి, ప్రతిగా అతడు తెచ్చుకున్నవారిలో ముఖ్యుడు క్లాడ్ ఓస్టీన్ అనే ఎడమచేతి పిచ్చర్. ఏ ఆర్భాటమూ లేని మనిషి. ఉన్న కాస్త ధాన్యమూ అమ్మి మూడవ బావి త్రవ్వించినట్లయింది ఈ బేరం. దీనిని గురించి చరిత్రకారులు చెప్పవలసినంత చెప్పలేదని నా అభిప్రాయం.

తక్కిన ముగ్గురిలో మొదటివాడు శాండీ కోఫాక్స్. బ్రూక్లిన్‌లో పుట్టిన యూదుడు, ఎడమచేతివాడు, మితభాషి. 1955లో ఆట మొదలుపెట్టి ఆరేళ్ళపాటు బంతి ఎక్కడికి పోతుందో తనకే తెలియనట్లు విసరాడు. 1961 వసంతంలో నార్మ్ షెర్రీ అనే తోటి ఆటగాడు, అంత బలం పెట్టవద్దు, కాస్త తగ్గించి విసరి చూడమని సలహా చెప్పాడు. ఆ చిన్న మాటతో అతని దశ తిరిగింది. విద్యార్థికి చదువు రాకపోవడానికి కారణం బద్ధకం కాక అత్యుత్సాహం కూడా కావచ్చునని ఉపాధ్యాయులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. 1963లో కోఫాక్స్ 25 ఆటలు గెలిచి ఐదే ఓడాడు.

రెండవవాడు డాన్ డ్రైస్‌డేల్. ఆరున్నర అడుగుల కుడిచేతి మనిషి. బ్యాటు పట్టినవాడు దగ్గరగా వచ్చి నిలబడితే సహించడు. తన ఆటజీవితంలో 154 మందిని బంతితో కొట్టాడంటే ఎదుటివారు అతనికి ఎందుకు జంకేవారో ఊహించవచ్చు. నాలుగవవాడు జానీ పాడ్రెస్. 1955లో బ్రూక్లిన్‌కు మొట్టమొదటి ఛాంపియన్‌షిప్ గెలిచిపెట్టిన వీరుడు. 1965 నాటికి ముప్పది రెండేళ్ళవాడు. మోచేతి బాధ వల్ల అంతకు ముందటి సంవత్సరంలో రెండే ఆటలు ఆడగలిగాడు.

ఈ నలుగురిని చూచుకుని జట్టు ఆశలు పెంచుకుంటున్న సమయంలో, 1965 మార్చి చివర, సీజనుకు ముందు ఆడే అభ్యాసపు ఆటలలో ఒకటి పూర్తిగా విసరిన మరునాటి ఉదయం కోఫాక్స్ నిద్ర లేచేసరికి ఎడమచేయి లోపలి రక్తస్రావంతో నల్లగా కమిలిపోయి ఉన్నది. 1964 ఆగస్టులో ఒక ఆటలో రెండవ బేసు వద్దకు దూకి పడినప్పుడు ఆ మోచేతికి దెబ్బ తగిలింది. అది కీళ్ళవాతంగా పరిణమించింది. అతడు వెంటనే లాస్ ఏంజెలిస్ వెళ్ళి డాక్టరు రాబర్ట్ కెర్లన్‌కు చూపించుకున్నాడు. వారానికి ఒక్కసారి విసరగలిగితే అదృష్టమని, ఎప్పటికైనా ఆ చేతి పూర్తి ఉపయోగం పోక తప్పదని డాక్టరుగారు చెప్పారు.

సీజను సుమారు 25 వారాలు. వైద్యుని లెక్క ప్రకారం కోఫాక్స్ ఆరంభించవలసిన ఆటలు 25. అతడు ఆరంభించినవి 41.

ఎట్లా సాధ్యమయింది? ఆటకు ముందు మిరపకారపు మంట పుట్టించే ఒక లేపనం చేతికి పులిమేవారు. నొప్పి తెలియకుండా మాత్రలు, వాపు తగ్గడానికి కార్టిజోన్ సూదిమందు ఉండనే ఉన్నవి. ఆట ముగిసిన తరువాత మోచేతిని మంచునీటి తొట్టిలో ముంచి కూర్చునేవాడు. వీనిలో ఏదీ జబ్బును నయం చేసేది కాదు. ఇవన్నీ ఊట ఊరకముందే తోడడానికి కనిపెట్టిన ఉపాయాలు.

ఆ సంవత్సరం డాడ్జర్స్ బలం ఎంతటిదో చెప్పడానికి వారి దారిద్ర్యం ముందు చెప్పాలి. జట్టు మొత్తం కలిసి సీజనంతటిలో కొట్టిన హోమ్ రన్‌లు 78. పెద్ద లీగులలో అంత తక్కువగా కొట్టిన జట్టు మరొకటి లేదు. మంచి బ్యాట్స్‌మన్ టామీ డేవిస్ సీజను మొదట్లోనే చీలమండ విరిగి పడిపోయాడు. ఇక వారికి మిగిలినది మోరీ విల్స్ కాళ్ళ వేగం. అతడు ఆ సంవత్సరం 94 బేసులు దొంగిలించాడు, అంటే ప్రత్యర్థి కన్నుగప్పి ఒక బేసునుండి మరొక బేసుకు పరుగెత్తాడు. జట్టులో .300 సగటు చేరినవాడు ఒకే ఒక్కడు. అతడు పిచ్చర్ డ్రైస్‌డేల్ కావడం నవ్వు పుట్టించే విషయం. ఇటువంటి జట్టుకు ఒక పరుగు దొరకడమే పండుగ. ఆ ఒక్క పరుగును కాపాడవలసిన భారం పిచ్చర్ది.

సెప్టెంబరు 9వ తేదీ రాత్రి షికాగో కబ్స్‌తో జరిగిన ఆట చూస్తే ఇది బోధపడుతుంది. షికాగో పిచ్చర్ బాబ్ హెండ్లీ డాడ్జర్స్‌ను ఒకే ఒక్క హిట్‌కు కట్టివేశాడు. ఆ ఒక్క హిట్‌కూ డాడ్జర్స్ పరుగుకూ సంబంధం లేదు. లూ జాన్సన్ అనేవాడు ఊరకనే మొదటి బేసుకు నడిచి, తోటివాని త్యాగంతో రెండవది చేరి, మూడవదానిని దొంగిలిస్తుండగా షికాగో క్యాచర్ విసరిన బంతి గతి తప్పి పోవడంతో ఇల్లు చేరాడు. ఎదుటి పక్షాన కోఫాక్స్ చేసినదేమిటంటే, 27 మందిని వచ్చినవారిని వచ్చినట్లే వెనుకకు పంపాడు. ఒక్కడు మొదటి బేసు తొక్కలేదు. 1-0. హెండ్లీ తన జన్మలో అంత బాగా విసరి ఉండడు, అయినా ఓడిపోయాడు. ఆ రాత్రిని తలచుకున్నప్పుడు నా మనస్సు విజేతకంటె హెండ్లీ వైపే ఎక్కువగా మొగ్గుతుంది.

వంతు తప్పితే ఏమవుతుందో చెప్పే సంఘటన కూడా ఆ సీజనులోనే జరిగింది. ఆగస్టు 22న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో ఆట. వారి మేటి పిచ్చర్ హువాన్ మారిషల్, తాను బ్యాటు పట్టి నిలబడిన సమయంలో, మాటా మాటా పెరిగి డాడ్జర్స్ క్యాచర్ జాన్ రోజ్‌బొరో తల మీద బ్యాటుతో కొట్టాడు. లీగు అధికారులు అతనికి 1,750 డాలర్ల జరిమానా విధించి కొన్ని దినాలు ఆటనుండి వెలివేశారు. ఆ దినాలలో వచ్చిన అతని వంతులు వ్యర్థమయినవి. సీజను చివర జెయింట్స్ వెనుకబడినది రెండే రెండు ఆటలు.

అయినా సెప్టెంబరు నడిమికి జెయింట్స్ వరుసగా 14 ఆటలు గెలిచి, నాలుగున్నర ఆటలు ముందుకు పోయి ఉన్నారు. అప్పుడు డాడ్జర్స్ వరుసగా 13 గెలిచారు. అక్టోబరు 2న, రెండే దినాల విశ్రాంతితో దిబ్బ ఎక్కిన కోఫాక్స్ మిల్వాకీని 3-1తో ఓడించి లీగు కిరీటం తెచ్చాడు. జట్టు గెలుపులు 97. అందులో అతనివి 26, డ్రైస్‌డేల్‌వి 23. ఇద్దరివీ కలిపితే సగానికి మించినవి. 162 ఆటలలో 123 ఆటలను కోఫాక్స్, డ్రైస్‌డేల్, ఓస్టీన్ - ఈ ముగ్గురే ఆరంభించారు. కోఫాక్స్ మూడు స్ట్రైకులతో ఔటు చేసినవారి సంఖ్య 382. ఆధునిక యుగంలో అప్పటికి ఎవరూ అంత దూరం పోలేదు. 1973లో నోలన్ రయన్ దానిని ఒక్క సంఖ్యతో దాటాడు.

ఓస్టీన్ మాటేమిటి? పదిహేను గెలిచాడు, పదిహేను ఓడాడు. పట్టికలో చూచినవారు మధ్యరకం అనుకుంటారు. కాని అతడు తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల సగటు 2.79, డ్రైస్‌డేల్ సగటు 2.77. ఇద్దరి పనితనమూ దాదాపు ఒక్కటే. ఒకనికి జట్టు పరుగులు తెచ్చిపెట్టింది, మరొకనికి పెట్టలేదు. మార్కుల పట్టిక చూచి పిల్లవాని తెలివిని నిర్ణయించే అలవాటు మనలోనూ ఉన్నది గదా!

వరల్డ్ సిరీస్‌లో ప్రత్యర్థి మినెసోటా ట్విన్స్. మొదటి ఆట అక్టోబరు 6న. ఆనాడు యోమ్ కిప్పుర్, యూదులు ఉపవసించి ప్రార్థనలో గడిపే ప్రాయశ్చిత్త దినం. వంతు కోఫాక్స్‌ది. అతడు ఆడలేదు. ఉపన్యాసమూ ఇవ్వలేదు, ఊరక దూరంగా ఉన్నాడు. అతనికి బదులుగా వచ్చిన డ్రైస్‌డేల్ మూడవ ఇన్నింగ్స్ దాటలేకపోయాడు, ఆట 8-2తో పోయింది. మరునాడు కోఫాక్స్ కూడా 5-1తో ఓడిపోయాడు. రెండు గొప్ప చేతులూ ఓడిపోగా, మూడవ ఆటనాడు ఏ పత్రికలోనూ పెద్ద అక్షరాలకెక్కని ఓస్టీన్ వచ్చి ఒక్క పరుగైనా ఇవ్వకుండా 4-0తో గెలిచాడు. హోవర్డ్‌ను ఇచ్చి తెచ్చుకున్నది ఈ ఒక్క దినం కోసమేనా అనిపిస్తుంది. ఆ తరువాత డ్రైస్‌డేల్ ఒకటి, కోఫాక్స్ ఒకటి గెలిచారు. ఆరవది ట్విన్స్ గెలిచారు. లెక్క మూడు-మూడు.

అక్టోబరు 14న ఏడవ ఆట. డ్రైస్‌డేల్‌కు మూడు దినాల విశ్రాంతి నిండింది, న్యాయంగా వంతు అతనిది. కోఫాక్స్‌కు నిండినవి రెండే. మేనేజరు వాల్టర్ ఆల్‌స్టన్ కోఫాక్స్‌నే ఎంచుకుని, అతడు తడబడితే వెంటనే రావడానికి డ్రైస్‌డేల్‌ను సిద్ధంగా ఉంచాడు. ఆ స్థానంలో నేనుంటే ఏమి చేసేవాడనో ఇంత కాలానికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆట ఆరంభమయిన కొద్దిసేపటికే కోఫాక్స్ వంపు బంతి పని చేయడం లేదని తెలిసిపోయింది. నొప్పి వల్ల మోచేయి ఆ మెలికకు లొంగడం లేదు. అతని విద్య రెండు బంతులు - నిటారుగా దూసుకుపోయేది ఒకటి, ఎత్తునుండి జారిపడేది ఒకటి. రెండవది పోగా మిగిలిన ఒక్కదానితోనే అతడు తొమ్మిది ఇన్నింగ్స్ గడిపాడు. ఏ బంతి రాబోతున్నదో ఎదుటివానికి తెలుసు, అయినా అందలేదు. నాలుగవ ఇన్నింగ్స్‌లో లూ జాన్సన్ కొట్టిన బంతి ఎడమవైపు హద్దు స్తంభాన్ని తాకి హోమ్ రన్ అయింది. ఆ వెనుకనే మరొక పరుగు వచ్చింది. 2-0. చివరి ఇద్దరినీ కోఫాక్స్ స్ట్రైకులతోనే ఔటు చేశాడు. సీజను, సిరీస్ కలిపి ఆ సంవత్సరం అతడు విసరినది సుమారు 360 ఇన్నింగ్స్. ఇప్పటి పిచ్చర్లలో 200 చేరేవారే కొద్దిమంది.

1966 వసంతంలో జట్టు భవిష్యత్తు మరొక వైపునుండి సంశయంలో పడింది. కోఫాక్స్, డ్రైస్‌డేల్ ఇద్దరూ కలిసి ఒకే మాట మీద నిలబడి, మూడేళ్ళకు ఇద్దరికీ కలిపి పది లక్షల డాలర్లు ఇస్తే తప్ప రామన్నారు. ఒక ఆటగాడు జట్టు యజమాని ఇచ్చినది పుచ్చుకోవడం, లేదా ఆట మానడం - ఆనాటి ఒప్పందాలలో ఇంతకు మించి దారి లేదు. మరొక జట్టుకు పోయే హక్కు లేదు. యజమాని వాల్టర్ ఓ'మాలీ పది లక్షలకు ఒప్పుకోలేదు. నెల రోజులు గడిచిన తరువాత, మార్చి 30న, కోఫాక్స్ 1,25,000 డాలర్లకు, డ్రైస్‌డేల్ 1,10,000 డాలర్లకు సంతకం చేశారు. అడిగినది దక్కకపోయినా, ఒంటరిగా బేరమాడి ఉంటే దొరికేదానికంటె ఇది ఎక్కువే. ఇద్దరు కలిస్తే ఏమవుతుందో తక్కిన ఆటగాండ్రు గమనించారు. యజమానుల పూర్తి హక్కు 1975 చివర ఒక మధ్యవర్తి తీర్పుతో సడలిపోయింది.

ఆ సంవత్సరం డ్రైస్‌డేల్ మునుపటివాడు కాలేకపోయాడు, 13 గెలిచి 16 ఓడాడు. వసంతంలో పోయిన అభ్యాసమే కారణమని కొందరన్నారు. పాడ్రెస్ మే నెలలో డెట్రాయిట్ వెళ్ళిపోయాడు. డాన్ సటన్ అనే కొత్త కుర్రవాడు నాలుగవ వంతు అందుకుని 12 గెలిచాడు. ఓస్టీన్ 17 తెచ్చాడు. కోఫాక్స్ మళ్ళీ 41 ఆటలు ఆరంభించి, 27 గెలిచి, సగటున 1.73 పరుగులు మాత్రమే ఇచ్చాడు. అతని జీవితంలో అంత మంచి సగటు మరి లేదు. అక్టోబరు 2న ఫిలడెల్ఫియాలో సీజను చిట్టచివరి ఆట గెలిస్తే గాని కిరీటం నిశ్చయంగా దక్కని స్థితి వచ్చింది. మళ్ళీ రెండు దినాల విశ్రాంతి, మళ్ళీ కోఫాక్స్, మళ్ళీ గెలుపు.

తరువాతి వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్ నాలుగుకు నాలుగూ గెలిచింది. డాడ్జర్స్ అన్ని ఆటలలోనూ కలిపి రెండే పరుగులు చేశారు. రెండవ ఆటలో కోఫాక్స్ వెనుక నిలబడిన విల్లీ డేవిస్ ఒకే ఇన్నింగ్స్‌లో మూడు తప్పులు చేశాడు. ఆటగాండ్రు తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు కోఫాక్స్ అతని భుజం మీద చేయి వేసి ఓదార్చాడని చెబుతారు. దిబ్బ మీద అతడు కనిపించినది అదే చివరిసారి.

నవంబరు 18న, ముప్పది ఒకటవ ఏడు నిండకముందే, అతడు ఆట విరమిస్తున్నట్లు ప్రకటించాడు. ఆట తరువాత బ్రతకవలసిన ఏండ్లు చాలా ఉన్నవని, ఆ ఏండ్లలో తన శరీరం తనకు పూర్తిగా ఉపయోగపడాలని కోరుకుంటున్నానని చెప్పాడు. ఆ సంవత్సరం అందరికంటె గొప్ప పిచ్చర్‌గా బహుమానం పొందినవాడు, తన వృత్తిలో అత్యధిక జీతం పుచ్చుకుంటున్నవారిలో ఒకడు. ఇంకొక సంవత్సరం సూదిమందుతో నెట్టుకు రావచ్చునని సలహా చెప్పేవారికి కొదువ ఉండదు. అతడు వినలేదు. 1972లో, తన 36వ ఏట, బేస్‌బాల్ మహనీయుల మందిరానికి ఎన్నికయ్యాడు. అంత చిన్న వయస్సులో ఆ గౌరవం పొందినవారు అప్పటికి లేరు.

1967 వసంతంలో డాడ్జర్స్ మళ్ళీ వంతులు వేసుకున్నారు. డ్రైస్‌డేల్ ఉన్నాడు, ఓస్టీన్ ఉన్నాడు, సటన్ ఉన్నాడు. కొట్టడంలో బలహీనత ఎప్పటిదే. ఆ సంవత్సరం వారు 73 గెలిచి, 89 ఓడి, ఎనిమిదవ స్థానంలో నిలిచారు. ముందటి ఏడు గెలిచినవి 95. తేడా 22. వెళ్ళిపోయిన మనిషి ముందటి ఏడు తెచ్చిపెట్టినవి 27.